స్ప్రింగు లేని కాలు

మనిషి ఒంట్లో కళ్లకున్న పేరు చీలమండకి లేదు. కళ్ల మీద రాసినవాళ్లు రాశారు, నడుము మీద రాసినవాళ్లు రాశారు, వెతికితే మెడ మీద కూడా ఎవరో ఒకరు నాలుగు ముక్కలు రాసే ఉంటారు. పాదానికీ పిక్కకీ మధ్య కూర్చుని, ఒంటి బరువంతా మోస్తూ, పుట్టినప్పటి నుంచి నోరెత్తకుండా చాకిరీ చేసే ఆ కీలుని మాత్రం పట్టించుకున్న పాపాన పోయినవాడు లేడు. అది మొరాయించిన రోజున ఇల్లంతా దాని గురించే మాట్లాడుకుంటుంది. బ్రేకు మాస్టారి ఇంట్లో అయితే నాలుగు నెలలు మాట్లాడుకున్నారు.

బ్రేకు మాస్టారు ఒక డ్రైవింగు స్కూల్లో ఇరవై మూడేళ్లుగా పాఠాలు చెప్తున్నారు. ఆ పేరు తల్లిదండ్రులు పెట్టింది కాదు, శిష్యులు పెట్టింది. డ్రైవింగు స్కూలు కారు లోకంలోని మిగతా కార్లలాంటిది కాదు. నేర్చుకునేవాడి కాళ్ల కింద మూడు పెడళ్లుంటే, పక్క సీట్లో నేర్పేవాడి కాళ్ల కింద రెండే ఉంటాయి. క్లచ్చూ, బ్రేకూ. యాక్సిలరేటరు ఉండదు. అంటే ఆ సీట్లో కూర్చున్నవాడికి బండిని ఆపే అధికారమే గానీ పోనిచ్చే అధికారం లేదు. రాజ్యాలేలినవాళ్లలో కూడా అలాంటి అధికారం చెలాయించినవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, వాళ్లెవరూ ఇరవై మూడేళ్లు నిలవలేదు.

మాస్టారి కాలికి ఆ అధికారం బాగా వంటబట్టింది. ఎదురుగా కుక్క కనపడితే నొక్కేవారు. కుక్క లేకపోతే, వస్తుందేమోనని నొక్కేవారు. కారు దిగాక కూడా ఆ కాలు డ్యూటీ దిగేది కాదు. సినిమా హాల్లో తెర మీద బండి మలుపు తిరిగితే ముందు సీట్లో ఉన్నవాడి నడుముకి మాస్టారి బూటు తగిలేది. బస్సెక్కితే డ్రైవరు వెనకే నిలబడి, ప్రతి స్టాపుకీ డ్రైవరు కన్నా ముందే ఆపేసేవారు. ఇంట్లో భార్య టీ పోస్తుంటే, కప్పు అంచుదాకా వచ్చే సమయానికి బల్ల కింద నేలని టక్కున నొక్కేవారు. ఆవిడ చెయ్యి ఆగేది.

"నా సీటు పక్కన కూర్చున్నవాడెవడూ ఇంతవరకు దేన్నీ గుద్దలేదు," అని మాస్టారు చెప్పుకునేవారు. అది నిజం. అంత నిజం ఉన్న మనిషికి కాలు విరగడానికి కారు పనికిరాలేదు. ఒకరోజు ఒక శిష్యుడు బండిని ఫుట్‌పాతుకి దూరంగా ఆపాడు. ఎంత దూరంగా ఆపాడో జానలు పెట్టి కొలిచి చూపిద్దామని మాస్టారు దిగి ఫుట్‌పాతు అంచు మీదికెక్కారు. కారు ఆగి ఉంది. హ్యాండ్ బ్రేకు వేసి ఉంది. గేరు న్యూట్రల్లో ఉంది. అన్నీ పద్ధతిగా ఉన్నాయి. "చూశావా, మూడు జానలు!" అంటూ ఒక్కడుగు వెనక్కి వేశారు. ఆ అడుగు కింద ఫుట్‌పాతు లేదు.

ఆరు వారాల తర్వాత పిండికట్టు విప్పితే లోపల నుంచి బయటపడ్డ పాదం తెల్లబడి, సన్నబడి, ఎవరిదో అరువు తెచ్చి తగిలించినట్టుంది. ఆ సాయంత్రమే బావమరిది పరామర్శకి వచ్చాడు. అతనే స్కూలు యజమాని. అతనికి స్టీరింగు పట్టుకోవడం నేర్పింది మాస్టారే, అతను స్కూలు పెడితే మొదట ఉద్యోగంలో చేరింది కూడా మాస్టారే. కాబట్టి ఎవరు ఎవరికి పైవాడో ఆ ఇంట్లో ఎప్పుడూ తేలలేదు.

"బావా, ఇంక నీకెందుకు ఈ తిరుగుడు?" అన్నాడు అతను పాదాన్ని తేరిపార చూస్తూ. "ఆఫీసులో ఫ్యానుంది, కుర్చీ ఉంది. గోడ మీద రోడ్డు గుర్తుల బోర్డుంది. కర్ర పట్టుకుని పాఠం చెప్పుకో. కారు ఇంకెవరికైనా ఇస్తా."

"బొమ్మలకి బ్రేకెక్కడుందిరా?"

"అందుకే చెప్తున్నా. నొక్కక్కర్లేదు."

మాస్టారికి కాలు విరిగినప్పుడు కూడా అంత నొప్పి పుట్టలేదు. బోర్డు దగ్గర కుర్చీ అంటే ఆయనకి తెలుసు. ఇదివరకు ఒక పాత మాస్టరు ఆ కుర్చీలో కూర్చుని, రెండేళ్లలో ఆ బోర్డు మీద బొమ్మలాగే అయిపోయాడు.

"ఎన్నాళ్లు టైమిస్తావ్?"

"వచ్చే నెల కాదు, ఆ పై నెల ఒకటో తారీఖున కొత్త బ్యాచి. ఆలోపు నీ కాలు బ్రేకు నొక్కగలిగితే సీటు నీదే. లేకపోతే బోర్డు."

"చూస్తావుగా," అన్నారు మాస్టారు. అని, లేచి గుమ్మందాకా సాగనంపబోయి, మళ్లీ కూర్చున్నారు.

ఫిజియోథెరపీ గది ఒక మేడ మీద ఉంది. ఇరవై రెండు మెట్లు, లిఫ్టు లేదు. కాళ్లు పడిపోయినవాళ్ల వైద్యానికి మేడ మీద గది చూసిన మహానుభావుడెవరా అనుకుంటూ, ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటూ మాస్టారు పైకెక్కారు. పైన ముప్పై ఏళ్ల ఫిజియో అమ్మాయి ఎదురొచ్చింది. మెళ్లో రంగురంగుల రబ్బరు పట్టీలు, జేబులో కీళ్ల వంపు కొలిచే ప్లాస్టిక్ కోణమాని.

"ఏమ్మా, మెట్ల కింద గది దొరకలేదా?"

"దొరికింది మాస్టారూ. అందులో పళ్ల డాక్టరుగారున్నారు. నోటికి మెట్లెందుకు?"

తను మాస్టారినని ఈ పిల్లకెలా తెలుసో ఆయనకి తట్టలేదు. ఊళ్లో సగం మంది తన శిష్యులే కాబట్టి తెలియకపోతేనే ఆశ్చర్యం అనుకున్నారు. ఆమె పాదం పట్టుకుని కిందికీ పైకీ వంచి కొలిచింది.

"కిందికి బాగానే ఉంది. పైకి మాత్రం మొండికేస్తోంది. ఇంటి దగ్గర కాలు చాపి కూర్చుని పాదం కిందికి నొక్కండి, పది లెక్కపెట్టండి. తర్వాత వేళ్లు మీ మొహం వైపు లాక్కోండి, పది లెక్కపెట్టండి. పాదం కింద తువ్వాలు వేసి, రెండు కొసలూ చేత్తో పట్టుకుని మీ వైపు లాగండి. పూటకి ఇరవై."

ఇక్కడే జరిగింది పొరపాటు. వేరే ఏ పని చేసే మనిషైనా ఈ పొరపాటు చేసేవాడు కాదు. నొక్కడం అన్న మాట మాస్టారి చెవుల్లో పడింది. లాక్కోవడం అన్నది పడలేదు. పడినా ఉండలేదు.

ఇంటికొచ్చిన దగ్గర నుంచి నొక్కుడే నొక్కుడు. తువ్వాలు పాదానికి వేసి, కొసలు రెండూ భార్య చేతికిచ్చారు.

"గట్టిగా పట్టుకో. కదలకు."

"నేను కదలను. కుర్చీ కదుల్తుందేమో చూసుకోండి."

మాస్టారు నొక్కారు. ఆవిడ కుర్చీతో సహా మూరెడు ముందుకి జరిగింది. పూటకి ఇరవై అన్నచోట రెండొందలు నొక్కేవారు. వారం తిరిగేసరికి ఆవిడ ఉదయం వంటింటి గుమ్మం దగ్గర మొదలుపెట్టి, టిఫిను వేళకి మంచం కోడు దాకా వచ్చేసేది. "నాకు కారు లేదనే గానీ, రోజూ ప్రయాణమే," అని పక్కింటావిడతో చెప్పుకునేది.

మూడు వారాలకి పాదం బల్లని నొక్కితే బల్ల కిర్రుమంది. ఇంకేం కావాలి? బావమరిది పనుండి పక్క ఊరికి వెళ్లిన రోజు చూసి, మాస్టారు స్కూలుకెళ్లి తాళాలు తీసుకున్నారు. పాఠాలు మధ్యలో ఆగిపోయి ఈయన కోసమే ఎదురుచూస్తున్న శిష్యుడొకాయన ఉన్నాడు. ఫిజియో గది కింద ఉండే పళ్ల డాక్టరే ఆయన. యాభై దాటాక కారు నేర్చుకోవాలని బుద్ధి పుట్టిన మనిషి, పరమ నెమ్మదస్తుడు. స్టీరింగుని కూడా నొప్పి పుడుతుందేమోనన్నట్టు పట్టుకుంటాడు.

నాలుగు రోడ్ల కూడలి దగ్గర ఎర్రలైటు పడింది. మాస్టారు నొక్కారు. ఆహా, ఏం నొక్కుడు! కారు గీత మీద గీత గీసినట్టు ఆగింది. రెండు నెలలు దాటాక ఆయన ప్రాణం లేచొచ్చింది.

పచ్చలైటు పడింది.

"పోనివ్వండి డాక్టరుగారూ."

డాక్టరు క్లచ్చు వదిలాడు. కారు ఒక్క ఎక్కిలి ఎక్కి ఆగిపోయింది. మళ్లీ స్టార్టు చేశాడు. మళ్లీ ఎక్కిలి. వెనక హారన్లు మొదలయ్యాయి.

"నా తప్పేమైనా ఉందా మాస్టారూ?"

మాస్టారు కిందికి చూశారు. మోకాలు పైకి లేచింది. మడమ కూడా లేచింది. మునివేళ్లు మాత్రం బ్రేకు మీదే కూర్చుని, ఎంత లేపినా లేవడం లేదు. పాంటు గుడ్డని మోకాలి దగ్గర రెండు చేతులా పట్టుకుని, నూతిలో బొక్కెన చేదినట్టు చేదారు. పాంటు వచ్చింది గానీ పాదం రాలేదు. లైటు ఎర్రబడి, మళ్లీ పచ్చబడింది. ట్రాఫిక్ కానిస్టేబులు వచ్చి కిటికీలోకి వంగాడు.

"ఏంటి సంగతి?"

"కాలండీ."

"ఎవరి కాలు?"

"నాదే. బ్రేకు మీదుంది."

"తీయండి మరి."

"తీస్తున్నానండీ. అది రానంటోంది."

కానిస్టేబులు తన సర్వీసులో చాలా కారణాలు విన్నాడు గానీ ఇది వినలేదు. అప్పుడు డాక్టరులోని డాక్టరు మేలుకున్నాడు. హ్యాండ్ బ్రేకు లాగి, "ఒక్క నిమిషం. కదలకండి. నొప్పి ఉండదు," అంటూ గేరు మీంచి ఒరిగాడు. ఎడమచేత్తో మోకాలు అదిమి, కుడిచేత్తో బూటు పట్టుకుని, ఒక పక్కకి వంచి, ఒక్క లాగు లాగాడు. ముప్పై ఏళ్లుగా అలవాటైన చెయ్యి.

"ఊడింది," అన్నాడు తృప్తిగా.

కబురు కారు కన్నా ముందే ఊరంతా తిరిగొచ్చింది. రాత్రికి బావమరిది ఫోను చేశాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. "నొక్కడం కాదు బావా, తీయడం కూడా చూపించాలి. తారీఖు మాత్రం అదే," అని పెట్టేశాడు.

మర్నాడు మాస్టారు ఇరవై రెండు మెట్లూ లెక్కపెట్టకుండానే ఎక్కారు. ఫిజియో అమ్మాయి కోణమాని పెట్టి కొలిచింది. పాదం పైకి సున్నా డిగ్రీ దాకా కూడా రాలేదు.

"నొక్కడం ఎన్ని చేశారు?"

"పూటకి రెండొందలు."

"మరి పైకి లాక్కోవడం?"

"దానికి వేరే కష్టపడాలా అమ్మా? నొక్కి వదిలేస్తే అదే పైకొస్తుంది. కింద స్ప్రింగుంటుందిగా."

ఆమె కోణమాని జేబులో పెట్టుకుని ఆయన మొహంలోకి చూసింది.

"స్ప్రింగు బ్రేకుకుంది మాస్టారూ. మీ కాలికి లేదు."

మాస్టారు పాదం వైపు చూసుకున్నారు. ఇరవై మూడేళ్లలో లక్షసార్లు నొక్కి ఉంటారు, ఒక్కసారీ ఎలా తీశారో గుర్తులేదు.

"మీ కాలు నాకు కొత్త కాదు," అంది ఆమె, బల్ల కాలికి రబ్బరు పట్టీ కడుతూ. "ఆరేళ్ల కిందట మీ దగ్గర నలభై రోజులు నేర్చుకున్నాను."

"నువ్వా? మొహం గుర్తు రావట్లేదమ్మా."

"నాకూ మీ మొహం పెద్దగా గుర్తులేదండీ. బూటు గుర్తుంది. గోధుమరంగు, కుట్టు దగ్గర చిన్న చిరుగు. నేను రోడ్డు చూసేదాన్ని కాదు, మీ బూటు చూసేదాన్ని. అది కదిలితే ఆగుతాం, లేకపోతే పోతాం. లైసెన్సు పరీక్ష రోజు మీ సీట్లో ఇన్‌స్పెక్టరు కూర్చున్నాడు. ఆయన బూటు కదల్లేదు."

"అయ్యో. తర్వాత?"

"మూడు కోన్లు గుద్దాను. తర్వాత ఇన్‌స్పెక్టరుగారి స్కూటరు. కొంచెమే."

"ఇప్పుడు దేని మీద వస్తున్నావు?"

"బస్సు."

తన సీటు పక్కన ఎవరూ దేన్నీ గుద్దలేదన్నది నిజమే. తన సీటు ఖాళీ అయ్యాక వాళ్లేం చేశారన్నది ఆయన ఎప్పుడూ అడగలేదు. ఊళ్లో ఎన్ని స్కూటర్లున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టబోయి మానేశారు.

"పైకి లాగండి," అంది ఆమె, పట్టీ ఉచ్చు పాదానికి తగిలించి. "పది దాకా దించకూడదు."

ఒకటి దగ్గర పిక్క వణికింది. నాలుగు దగ్గర నుదురు చెమట పట్టింది. ఆరు దగ్గర పడిపోయింది.

"మళ్లీ. తొందరేం లేదు, వెనక హారన్లు కొట్టేవాళ్లెవరూ లేరు," అంది ఆమె. ఇరవై మూడేళ్లుగా శిష్యులందరికీ మాస్టారు చెప్పే మాటే అది.

ఆ నెలంతా ఇల్లు కసరత్తుశాల అయింది. తువ్వాలు కొసలు ఈసారి మాస్టారి చేతుల్లోకే వచ్చాయి, భార్య ప్రయాణాలు ఆగిపోయాయి. గోడకి రెండు చేతులూ ఆనించి, చెడ్డకాలు వెనక్కి చాపి, మడమ నేలకి అదిమి, పిక్క సాగేలా గోడని తోసేవారు.

"స్టార్టయ్యేలా ఉందా?" అనేది ఆవిడ కూరలు తరుగుతూ.

"ఇంకొంచెం తోస్తే అవుతుందే."

కాలి బొటనవేలితో గాలిలో అక్షరాలు రాయమని ఫిజియో చెప్పింది. మన అక్షరాలు ఎటు తిప్పినా గుండ్రమే కాబట్టి చీలమండకి అంతకన్నా మంచి కసరత్తు లేదు. మాస్టారు అచ్చులు గడిచి, హల్లుల్లో రెండో వరస దగ్గర తడబడ్డారు. చిన్నప్పుడూ అక్కడే తడబడ్డారట. అందుకని అక్షరాలు మానేసి, కంఠతా వచ్చిన రోడ్డు గుర్తులు గీయడం మొదలుపెట్టారు. సాయంత్రం పూట భార్య ఎదురుగా కూర్చుని పోల్చుకునేది.

"యూటర్ను."

"కాదు, మలుపు."

"మీ బొటనవేలు వంకరండీ, నాదేం తప్పు? ఇంకోటి గీయండి... ఆఁ, ఇది హారన్ కొట్టరాదు!"

"కరెక్టు."

ముప్పై ఏళ్ల కాపురంలో వాళ్లిద్దరూ కలిసి ఆడిన మొదటి ఆట అదే. ఆవిడకి గుర్తులన్నీ వచ్చేశాయి. పాదం పైకి ఒక డిగ్రీ వచ్చింది, తర్వాత మూడు, తర్వాత వారం రోజులు అలిగి అక్కడే కూర్చుంది, తర్వాత ఏడు. ముప్పయ్యో తారీఖున ఫిజియో అమ్మాయి కొలిచి, "పదకొండు!" అని అరిస్తే, గదిలో భుజం పట్టేసినాయన చెయ్యెత్తలేక నోటితోనే శభాష్ అన్నాడు.

"డిగ్రీలు నాకొద్దు బావా, కళ్లతో చూడాలి," అన్నాడు బావమరిది ఒకటో తారీఖు పొద్దున్న. స్కూలు వెనక ఖాళీ స్థలంలో కోన్లు పెట్టాడు. మెళ్లో ఈల వేసుకున్నాడు. ఒక ఈలకి నొక్కాలి, రెండు ఈలలకి తీయాలి, పది సార్లు. "బండి నేను నడిపితే పరీక్షేముంది? కొత్తవాళ్లు కావాలి. డాక్టరుగారిని పిలిస్తే పేషెంటు ఉన్నాడన్నారు."

"నేను నడుపుతా," అంది ఫిజియో అమ్మాయి. మాస్టారి కాలు చూసుకోవడానికని బస్సు దిగి వచ్చింది.

బావమరిది ఆమెని తేరిపార చూశాడు. ఇన్‌స్పెక్టరు స్కూటరు సంగతి స్కూల్లో ఇంకా ఎవరూ మర్చిపోలేదు. మారుమాట లేకుండా వెళ్లి, గోడ పక్కనున్న తన స్కూటరుని ఆఫీసు లోపలికి తోసుకుపోయాడు.

కారు నత్తనడకన కదిలింది. ఈల. మాస్టారు నొక్కారు. రెండు ఈలలు. పాదం నిదానంగా, మర్యాదగా పైకి లేచింది. రెండు, మూడు, ఆరు, తొమ్మిది. తొమ్మిదికి తొమ్మిదీ. మాస్టారి మొహం వెలిగిపోతోంది. బావమరిదికి మాత్రం అనుమానం తీరలేదు. పాదం నిజంగా లేస్తోందా, చేత్తో పాంటు లాగుతున్నాడా? అద్దంలోంచి లోపలికి తొంగిచూస్తూ, ఈల నోట్లో పెట్టుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ, తనకి తెలియకుండానే సరిగ్గా కారు ముందుకొచ్చేశాడు.

మాస్టారు చూశారు. ఇరవై మూడేళ్ల కాలు తటాలున బ్రేకు మీదికి వచ్చింది. వచ్చి, వేలెడు పైన ఆగింది. ఎందుకంటే ఈసారి ఆయన రోడ్డుతో పాటు ఇంకోటి కూడా చూశారు. స్టీరింగు కింద ఫిజియో అమ్మాయి చెప్పు అప్పటికే బ్రేకు మీదికి కదిలింది. ఆమె ఆయన బూటు చూడటం లేదు. ముందుకే చూస్తోంది.

కారు ఆగింది. బావమరిది మోకాళ్లకీ బంపరుకీ మధ్య జానెడు జాగా మిగిలింది. అతను ఊపిరి వదిలితే నోట్లో ఈల "పీ..." అని సన్నగా మూలిగింది.

"బావా! నువ్వు నొక్కలేదు!"

"లేదురా."

"పదోది పోయింది! కాలు పనిచేయలేదు!"

"ఇటొచ్చి చూడు."

అతను గబగబా వచ్చి తలుపు తీశాడు. బ్రేకుకి వేలెడు ఎత్తున పాదం గాలిలో నిలబడి ఉంది. వేళ్లు పైకి, పిక్క వణుకుతూ.

"ఏంటిది?"

"ఐదు... ఆరు..."

"దించు బావా!"

"పది దాకా దించకూడదు," అంది ఫిజియో అమ్మాయి స్టీరింగు దగ్గర నుంచి. "ఏడు."

"ఎనిమిది," అన్నారు మాస్టారు.

బావమరిది గత్యంతరం లేక నిలబడ్డాడు. పది అయ్యాక పాదం దిగింది.

"నేను పోయుంటే?"

"ఆ అమ్మాయి కాలు ముందే కదిలిందిరా. ఇంక నాదెందుకు?"

"చూసి కూడా ఊరుకున్నావా? కుక్క రాకపోయినా నొక్కే మనిషివి!" బావమరిది కాసేపు ఆయన్నీ, కాసేపు ఆ అమ్మాయినీ, కాసేపు జానెడు జాగానీ చూశాడు. ఈల మెళ్లోంచి తీసి జేబులో పెట్టుకున్నాడు. "ఇవాళ సాయంత్రం ఆరింటికి బ్యాచి. డాక్టరుగారొస్తారు. బూటు లేసు గట్టిగా కట్టుకో, మళ్లీ పీకుతాడు."

"ఇంకో సీటు రాయి," అన్నారు మాస్టారు. "ఈ అమ్మాయికి లైసెన్సు ఇంకా రాలేదు."

ఇంటికొచ్చి మాస్టారు బల్ల దగ్గర కాలు చాపుకుని దర్జాగా కూర్చున్నారు. సంగతంతా విని, భార్య మురిసిపోతూ టీ పోయసాగింది. కప్పు సగమైంది, ముప్పాతికైంది, అంచుకొచ్చింది. మాస్టారి పాదం వేళ్లు పైకెత్తి, కదలకుండా నిలబడింది. టీ అంచు దాటి సాసర్లోకి, సాసర్లోంచి బల్ల మీదికి, బల్ల మీంచి ఆయన ఒళ్లోకి వచ్చింది.

"ఏమేవ్! కప్పు నిండింది కనపడట్లేదా?"

"నాకేం తెలుసండీ?" అంది ఆవిడ, కసరత్తు తువ్వాలు కోసం పరిగెడుతూ. "ఇన్నేళ్లూ మీ కాలు చూసేగా ఆపుతున్నా!"